బల్లగది విశేషాలు

మే 27, బుధవారం
తొట్టి వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు నూటికి 71.
విశేషాలు:

ఈ పుస్తకంలో రోజూ మూడు అంకెలు రాయాలి. ఆ పక్కన విశేషాలు అని ఒక గడి పెట్టారు. ఏమీ లేకపోతే 'లేవు' అని రాసి సంతకం చేయాలట. ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో ఉన్నాను, 'లేవు' అని రాసిన రోజు నాకు గుర్తులేదు. గడి చాలకపోతే వెనకపేజీకి వెళ్తాను. ఒడ్డు కేంద్రంవాళ్ళు ఏడాదికోసారి వచ్చి తిరగేసి, "నాంచారమ్మగారూ, ఇది అంకెల పుస్తకమండీ, ఉత్తరం కాదు" అంటారు. అంటే అననీ.

సువార్త ఇవాళ కూడా అరగంట ఆలస్యంగా వచ్చింది. సముద్రం మీద తేలే మా ఊళ్ళో ప్రతి తెప్పకూ వెళ్ళి మనిషికో వేలిచుక్క, తాగేనీటి కుండకో చుక్క, కొత్తగా వచ్చిన పడవకో చుక్క పోగుచేసి పెట్టెలో తెచ్చివ్వడం తన పని. ఆ చుక్కల్ని తొట్టిలో వదిలి, లోపల ఏం జరుగుతోందో చూడటం నా పని. ఇంత పొద్దుపోయిందేమని అడిగితే, "తొంభై తెప్పలక్కా. తెప్పకో ముసలమ్మ, ముసలమ్మకో మోకాలి నొప్పి. అదంతా వినకుండా వస్తే వేలియ్యరు" అంది. నేను తిట్టాను. తను నవ్వుతూ పెట్టె దించింది. రోజూ ఇంతే.

తొట్టిలో ఉన్నది మా ఊరి ప్లీహం. మనిషికి ఎడమవైపు పక్కటెముకల కింద పిడికెడంత ఉండేదాన్ని మంచమంత పెంచి గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాం. ఊళ్ళో దాన్ని అందరూ బల్ల అంటారు. వెనకటికి పిల్లలకు చలిజ్వరాలు తిరగబెట్టి అది ఉబ్బితే, కడుపులో బల్ల పెరిగిందనేవాళ్ళట. ఊరు నేల వదిలి సముద్రం మీదికి వచ్చినా ఆ మాట వదల్లేదు. మేం వదిలిన చుక్కల్లోని పరాయి నలుసుల్ని బల్ల పట్టుకుంటుంది, గుర్తుపెట్టుకుంటుంది, విరుగుడు తయారుచేస్తుంది. ఆ విరుగుడును వడకట్టి తీస్తే తేట. నెలకోసారి అందరి జబ్బకూ తేట సూది వేస్తాం. నలభై ఏళ్ళు కాచి వడగట్టిన నీళ్ళు తాగి మా ఒంట్లో సొంత ప్లీహాలు బద్ధకించాయి, అందుకని ఈ ఊతం.

సువార్తకు మాత్రం వారానికోసారి. పద్నాలుగేళ్ళ కిందట వల లాగే గొలుసు తెగి తన డొక్కలో కొట్టింది. లోపల ప్లీహం చితికిపోతే తీసేశారు. మిగతావాళ్ళకు తేట లేకపోతే నాలుగు రోజులు జ్వరం. తనకు తేట లేకపోతే ప్రాణం ఉండదు.

ఇక అసలు విశేషం. ఒడ్డు కేంద్రం నుంచి శేషఫణి వచ్చాడు. కణాల ఇంజనీరు, ముప్పై అయిదుకు అటూ ఇటూ ఉంటాడు, మర్యాదస్తుడు. ఐసుపెట్టెలో కొత్తరకం పట్టుగాళ్ళను తెచ్చాడు. పట్టుగాళ్ళు అనేది నేను పెట్టుకున్న పేరు. బల్లలో ఎర్రభాగమొకటి, తెల్లభాగమొకటి. రెంటి మధ్య అంచులో ప్రవాహం నెమ్మదిస్తుంది. ఆ అంచున కూర్చుని, చేతులు చాచి నలుసుల్ని పట్టే కణాలు ఇవి. వాటి పక్కన మోతగాళ్ళు, రోజంతా అంచుకీ లోపలికీ తిరుగుతుంటారు. లోపల నిలుపుగాళ్ళు. వాళ్ళ దగ్గరికి వచ్చి నేర్చుకుని విరుగుడు చేసే నేర్పరులు. శేషఫణి వీటికి మూరెడేసి పేర్లు చెబుతాడు. ఆ పేరు పలికేలోపు నలుసు తప్పించుకుపోతుంది.

"మీ పాతవి ఆరు గంటల్లో నూటికి డెబ్బై పడుతున్నాయండీ. ఇవి నలభై నిమిషాల్లో తొంభై ఎనిమిది పడతాయి" అన్నాడు. జాలరుల ఊళ్ళో పట్టు ఎక్కువని చెబితే కాదనేవాళ్ళెవరు.

జూన్ 1, సోమవారం
వేడి 37. ప్రవాహం ఆపాం. పట్టు లేదు.
విశేషాలు:

పాత పట్టుగాళ్ళను కడిగేశాం. ఒకరకం మందునీళ్ళు పంపితే వాళ్ళు మాత్రమే వదిలి కొట్టుకుపోతారు, మిగతావాళ్ళకు ఏమీ కాదు. పెరుగుకు తోడు దాచినట్టు కాసిని దాచుకోనా అని అడిగాను. "రెండు రకాలు ఒకచోట ఉండకూడదని నియమమండీ" అన్నాడు శేషఫణి. సరేనన్నాను. తొలగింపు కాగితం మీద సంతకం నాదే. సంతకం చేస్తున్నప్పుడు నేను ఆలోచించింది ఒక్కటే, ఇకనుంచి మధ్యాహ్నం ఇంటికెళ్ళి వేడన్నం తినొచ్చని.

జూన్ 12, శుక్రవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 98.
విశేషాలు:

తొంభై ఎనిమిది. నేను రాసిన అంకెను నేనే మూడుసార్లు చూసుకున్నాను. సాయంత్రానికి గానీ తేటపడని తొట్టినీళ్ళు ఇప్పుడు సువార్త టీ తాగేలోపు అద్దంలా ఉంటున్నాయి. మా బావ సముద్రాలు, ఊరికి పెద్ద, స్వయంగా వచ్చి గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాడు. "ఏం నాంచారీ, పట్టు అదిరిపోయిందంటగా" అన్నాడు. నేను ఏదో పెద్ద చేపను ఒంటిచేత్తో లాగినట్టు తల ఊపాను. రెండు రోజులుగా ఊళ్ళో నా నడకే మారిపోయిందని సువార్త అంటోంది.

జూలై 5, ఆదివారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 98.
విశేషాలు:

తేట తేడాగా ఉంది.

తేటను పరీక్షించే పద్ధతి, నాకంటే ముందు ఈ గది చూసిన మా అత్త కాలంనుంచీ ఒకటే. గాజుపలక మీద చచ్చిన క్రిముల నీళ్ళు ఒక చుక్క, తేట ఒక చుక్క వేసి, అటూ ఇటూ వాలుస్తూ అంకెలు లెక్కపెట్టాలి. తేట మంచిదైతే నలభై లెక్కపెట్టేలోపు చుక్క పాలు విరిగినట్టు విరుగుతుంది. పోయిన నెలాఖరున నూట ఇరవై పట్టింది. ఏదో పొరపాటు చేశాననుకున్నాను. ఇవాళ మూడువందల దాకా లెక్కపెట్టినా విరగలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే.

సువార్త ప్రార్థన ముగించుకుని తన వారపు సూదికి వచ్చింది. వేశాను. వేస్తున్నంతసేపూ నీళ్ళు ఎక్కిస్తున్నట్టే అనిపించింది.

జూలై 9, గురువారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 98.
విశేషాలు:

పన్నెండు తెప్పల్లో జ్వరాలు. ఒకరిద్దరికి కాళ్ళ మీద ఊదా మచ్చలు కూడా. ఊదజ్వరం మాకు కొత్తేమీ కాదు, దాని క్రిమి మా ముక్కుల్లోనే కాపురముంటుంది. ప్లీహం ఉన్నవాళ్ళు వారంలో లేస్తారు. సువార్తను ఆ తెప్పలకు వెళ్ళొద్దన్నాను. "మరి చుక్కలెవురు తెస్తారక్కా? నువ్వా? నాలుగో తెప్ప దాటితే కళ్ళు తిరుగుతాయంటావు" అంది. నిజమే. తెప్పకీ తెప్పకీ మధ్య ఊగే పలకలంటే నాకు భయం. పదేళ్ళుగా నా ప్రపంచం ఈ గది, మా ఇల్లు, మధ్యలో మూడు తెప్పలు.

శేషఫణి వాన తగ్గేదాకా ఇక్కడే ఉండిపోయాడు. పిలిచి చూపించాను. అన్ని గొట్టాలూ చూశాడు, అంకెలు చూశాడు. "పట్టు తొంభై ఎనిమిది కదండీ. లోపం ఇక్కడ ఉండే అవకాశం లేదు" అన్నాడు. నాకూ అలాగే ఉంది. పట్టు బాగున్నప్పుడు ఇంట్లో తిండి ఎందుకు ఉండదు?

జూలై 14, మంగళవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 98.
విశేషాలు:

పొద్దున పంపకాల పలక దగ్గర గొడవ. మా ఊరు ఎప్పుడూ చూడనివాళ్ళకోసం రాస్తున్నాను: ఇక్కడ వల లాగినవాడు చేపను పంచకూడదు, వండకూడదు, నోట్లో వేసుకోకూడదు. లాగినవాడు బుట్టలో వేస్తాడు, మోసేవాడు పలక దగ్గరికి తెస్తాడు, పలక మీద కూర్చున్నవాడు అందరికీ కనబడేలా పరిచి పంచుతాడు. మూడు చేతుల కట్టుబాటు అంటాం. ఊరు సముద్రం మీదికి వచ్చిన మొదటి ఏడు, బలమైనవాళ్ళు పట్టినదాన్ని పట్టినచోటే తినేశారట. రోజూ వలలు నిండాయి, ఊళ్ళో పిల్లలు ఆకలికి చచ్చారు. అప్పుడు పుట్టింది ఆ కట్టుబాటు.

సముద్రాలుబావ కొత్తల్లుడు ఒడ్డువాడు. పడవలోనే నాలుగు రొయ్యలు కాల్చుకుని తిన్నాడు. మామ అందరి ముందూ వారం రోజులు బుట్టలు మొయ్యమన్నాడు.

"నాలుగు రొయ్యలకా మామా? పట్టింది నేనే గదా" అన్నాడు అల్లుడు.

"పట్టావురా. ఊరికేం ముట్టింది?" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, గది వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాను.

గదిలోకి వచ్చి అంచు మీదికి కణాలు కనబడే అద్దం దించి కూర్చున్నాను. నెలన్నరగా నేను పట్టు అంకె చూస్తున్నాను తప్ప పట్టుగాళ్ళను చూడలేదు. పాతవాళ్ళు నలుసును పట్టి, మింగకుండా అలా చేతుల్లో ఉంచుకునేవాళ్ళు. ఎంత ఓపికో. మోతగాడు వచ్చి అందుకుని వీపున వేసుకుని లోపలికి నడిచేవాడు, నిలుపుగాడికి ఇచ్చేవాడు. నిలుపుగాడు నెలల తరబడి పట్టుకుని కూర్చుంటే నేర్పరులు ఒక్కొక్కరే వచ్చి చూసుకుని నేర్చుకునేవాళ్ళు. కొత్తవాళ్ళు అలా కాదు. నలుసు తగిలీ తగలగానే గుటుక్కున మింగేస్తున్నారు. రెండు నిమిషాల్లో ఆనవాలు కూడా లేదు. మోతగాళ్ళు వస్తున్నారు, ఖాళీ చేతులు తడుముతున్నారు, ఉత్తవీపుతో వెళ్తున్నారు. లోపల నిలుపుగాళ్ళ దగ్గర పాత నలుసులు అరిగిపోతున్నాయి, కొత్తవి రావడం లేదు.

నా పుస్తకంలో పట్టుకు గడి ఉంది. అందించినదానికి గడి లేదు. మూడు చేతుల కట్టుబాటులో పుట్టి పెరిగినదాన్ని, మొదటి చెయ్యి ఒక్కటే చూసి కొబ్బరికాయ కొట్టించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 16, గురువారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 98.
విశేషాలు:

శేషఫణి నిన్నంతా అద్దం దగ్గరే కూర్చున్నాడు. భోజనం మరిచిపోయాడు. లేచేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మేం వేగం కొలిచామండీ" అన్నాడు. "ఎంత త్వరగా కనబడకుండా పోతే అంత మంచిదనుకున్నాం."

"నేను కూడా అంతే బాబూ" అన్నాను. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఆ కాగితం మీద సంతకం గుర్తొచ్చి.

పాతవాళ్ళను తెప్పించుకుందామంటే ఒడ్డు కేంద్రంలోనూ లేరు. అన్ని ఊళ్ళకూ కొత్తవే ఇచ్చి పాతవి తీసేశారు. అన్ని ఊళ్ళకూ శేషఫణి వార్త పంపాడు. ఇక మిగిలింది ఒక దారి. ఎర్రభాగంలో ఇంకా ఏ పనీ పట్టని పిల్లకణాలు తిరుగుతుంటాయి. అంచు ఖాళీగా కనబడితే వచ్చి కూర్చుంటాయి, మెల్లగా పట్టుగాళ్ళవుతాయి. అయితే వాటిని అక్కడ నిలబెట్టేది మోతగాళ్ళు. పక్కన మోతగాడు ఉంటేనే పట్టుగాడు అంచున నిలుస్తాడు, పట్టుగాడు ఉంటేనే మోతగాడు తిరుగుతాడు. నెలన్నరగా పనిలేక మోతగాళ్ళు సగమయ్యారు. ఇంకో నెల ఆగితే పిలిచేవాళ్ళే ఉండరు.

అంచు నిండటానికి మూడు వారాలు కావాలి. ఆ మూడు వారాలూ బల్ల ఏమీ పట్టదు, తేట చుక్క కూడా రాదు. పిల్లకణాలకు అడ్డం లేకుండా కొత్తవాళ్ళతోపాటు ఇప్పుడున్న నీళ్ళతేట కూడా కడిగేయాలి.

సువార్త పేరు ఇద్దరం ఎత్తలేదు. ఇద్దరి మనసులోనూ తనే ఉంది.

జూలై 17, శుక్రవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 98.
విశేషాలు:

పంపకాల పలక దగ్గర ఊరు కూర్చుంది. శేషఫణి అంతా చెప్పాడు. దాచలేదు, నాన్చలేదు. నా సంతకం సంగతి నేను చెప్పాను. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది.

సముద్రాలుబావ సువార్త వైపు తిరిగాడు. "మాకు నాలుగు జ్వరాలొత్తయి, పోతయి. ప్రాణం నీది. నువ్వెట్టా అంటే అట్టా."

"ఇప్పుడెక్కించేదీ నీళ్ళే గదా బాబాయ్" అంది సువార్త. "నీళ్ళెక్కించుకుని నాకేం కాదులే అని తిరిగే కన్నా, ఏం లేదని తెలిసి ఒకచోట కూర్చోటం మేలు. కడిగెయ్యండి." ఆ తర్వాత నన్ను చూసి, "ఇరవై రోజులు నన్ను తిట్టకుండా ఎట్టా ఉంటావో అక్కా" అంది.

ఊరి చివర తొంభై ఒకటో తెప్ప ఖాళీగా ఉంది. తను అక్కడ ఒంటరిగా ఉంటుంది. ఏది పంపినా ముందరి తెప్ప మీద ఒకరోజు ఎండలో ఉంచి, ఆపైన తాడుతో జరపాలి. పక్కకు ఎవరూ వెళ్ళకూడదు. అక్కడికక్కడే ఎవరెవరు ఏం చేయాలో పంచుకున్నారు. జాలరులు పంపకాల్లో ఆలస్యం చేయరు.

జూలై 18, శనివారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 0.
విశేషాలు:

కడిగేశాం. ఇరవై రెండేళ్ళలో సున్నా రాయడం ఇదే మొదలు. రాసి చాలాసేపు ఆ గుండ్రాన్ని చూస్తూ కూర్చున్నాను. గదికి ఎవరూ ఆలస్యంగా రాలేదు. అసలు ఎవరూ రాలేదు.

జూలై 27, సోమవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 3.
విశేషాలు:

అంచున పిల్లకణాలు అక్కడక్కడా కూర్చున్నాయి. గుండ్రంగా, బెరుకుగా ఉన్నాయి, చేతులు ఇంకా చాచలేదు. మోతగాళ్ళు వాటిని రాసుకుంటూ తిరుగుతున్నారు. ఊళ్ళో నలభైమందికి జ్వరం, నాక్కూడా. శేషఫణి కషాయం కాచి ఇచ్చాడు. నా జన్మలో అంత చెత్త కషాయం తాగలేదని అతని మొహం మీదే చెప్పాను, సంతోషించాడు.

సువార్త తొంభై ఒకటో తెప్ప నుంచి రోజూ ఒక మాట పంపిస్తుంది, తెప్ప తెప్పకూ అరిచి అందిస్తారు. ఇవాళ నా దాకా వచ్చింది: "అక్కకు పులుసులో ఉప్పు తగ్గించమని చెప్పండి."

ఆగస్టు 4, మంగళవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 11.
విశేషాలు:

పొద్దున మాట రాలేదు. ఎనిమిదింటికి వచ్చింది, నవ్వులాట లేకుండా: చలి, జ్వరం, పిక్కల మీద మచ్చలు.

బయటినుంచి ఏమీ వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేదని శేషఫణి అన్నాడు, క్రిమి ఎప్పటినుంచో తన ముక్కులోనే ఉండి ఉంటుంది. పాత మందు ఒకటి ఉంది, ఊదజ్వరాన్ని మూడు రోజులు పట్టి ఆపుతుంది. నాలుగో రోజు ఆగదు. ఈలోపు తేట రావాలి. అది కూడా తన ఒంట్లో ఉన్న ఈ క్రిమికే విరుగుడు కావాలి. అంటే తన నెత్తురుచుక్క బల్లలో పడాలి.

"అంచు ఇంకా నిండలేదండీ" అన్నాడు. "ఇంకా నాలుగు రోజులు కావాలి. మింగేస్తే ఆ చుక్క వృథా, మళ్ళీ తీసే వ్యవధి ఉండదు."

"మూడు రోజులున్న మనిషికి నాలుగు రోజులు ఆగమని ఎట్టా చెప్తాం బాబూ" అన్నాను.

చుక్కను తాకే అధికారం ఊళ్ళో ఇద్దరికే ఉంది. ఒకరు సువార్త. పెట్టె తీసుకుని బయల్దేరాను. నాలుగో తెప్ప దాటాక కళ్ళు తిరిగాయి, నిజంగానే. అయిదో పలక మీద కూలబడబోతే పలక కదలకుండా ఆగింది. చూస్తే ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు తాళ్ళు బిగించి పట్టుకుని నిలబడ్డారు. తరవాతి పలకా అంతే. తొంభై పలకల దగ్గరా మనుషులు, జ్వరంతో వణుకుతున్నవాళ్ళు కూడా. ముసలమ్మలు మోకాళ్ళ సంగతి ఎత్తలేదు.

సువార్త చాప మీద ముడుచుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"నువ్వొచ్చావా" అంది. "నడిచే?"

"లేదు, ఎగురుకుంటూ వచ్చాను. వేలు చూపించు."

నేను పెట్టె తెరిచాను. సూది తనే లాక్కుని తన వేలు తనే పొడుచుకుంది. చుక్క పట్టిన సీసా బిగించి ఇస్తూ, "అక్కా, నాకు భయమేస్తంది" అంది. పద్నాలుగేళ్ళలో ఆ నోట ఆ మాట వినలేదు. నాక్కూడా భయంగానే ఉందని చెప్పాను. అబద్ధం చెప్పడానికి ఏమీ తోచలేదు. మందు ఇచ్చి, చేతులు కడుక్కుని, వెనక్కి నడిచాను. గది చేరేసరికి అనుకున్నదానికంటే అరగంట ఆలస్యం. ఆ అరగంట ఎక్కడ పోతుందో ఇవాళ తెలిసింది.

చుక్కను తొట్టిలో వదిలాను.

ఆగస్టు 5, బుధవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 12.
విశేషాలు:

పొద్దున్నుంచి అద్దం దగ్గరే ఉన్నాను. మొదటి రెండు గంటలూ నలుసులు అంచును రాసుకుంటూ వెళ్ళిపోయాయి. శేషఫణి పక్కన నిలబడి గోళ్ళు కొరుకుతుంటే కూర్చోమన్నాను.

పదకొండూ పదికి ఒక పట్టుగాడు చెయ్యి చాచాడు. చిన్నవాడు, వంకరగా కూర్చున్నాడు. నలుసు ఒకటి చేతికి తగిలింది, పట్టాడు. ఇప్పుడు మింగుతాడనుకున్నాను. మింగలేదు. అయిదు నిమిషాలు అలాగే పట్టుకున్నాడు. పది. ఒక మోతగాడు వచ్చి రాసుకుని చూడకుండా వెళ్ళిపోయాడు. వాణ్ణి నేను తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో రాయను. ఇరవై నిమిషాలు. ఇంకొక మోతగాడు వచ్చాడు. ఆగాడు. తడిమాడు. పట్టుగాడి చేతిలోంచి నలుసు మెల్లగా వాడి వీపు మీదికి జరిగింది. వాడు తిరిగి, తెల్లభాగం వైపు, తన దారిన తను నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

నేను ఏడ్చాను. శేషఫణి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళం కలిసి పాడుచేసినదాన్ని, కళ్ళు కూడా లేని ఒక పిల్లకణం ఎవరూ చెప్పకుండా సరిగ్గా చేసింది.

పుస్తకంలో పట్టు పక్కన గీత గీసి కొత్త గడి కట్టాను. పేరు 'అందినవి'. అందులో ఒకటి అని రాశాను.

ఆగస్టు 7, శుక్రవారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 15. అందినవి 9.
విశేషాలు:

మందు పట్టు సడలింది. సువార్తకు తెల్లవారేసరికి జ్వరం నూట నాలుగు, కాలివేళ్ళు నల్లబడుతున్నాయని కబురు. ఇంతవరకు వచ్చిన తేటంతా వడకడితే సీసా అడుగు తడిసింది. పరీక్షకు ఒక చుక్క వాడాలా అని తటపటాయించాను. వాడాను. పలక వాలుస్తూ లెక్కపెట్టాను. నలభై దాటింది. అరవై దాటింది. శేషఫణి కూడా నాతోపాటు పైకి లెక్కపెడుతున్నాడు. ఎనభై ఎనిమిది దగ్గర చుక్క విరిగింది.

ఆపైన తొంభై పలకలూ నడిచాను. ఈసారి కళ్ళు తిరిగాయో లేదో నాకు తెలియదు. సూది వేసి, ముట్టుకోకూడదని తెలిసీ తన తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆగస్టు 8, శనివారం
వేడి, ప్రవాహం, పట్టు శేషఫణి రాస్తాడు. నేను తొంభై ఒకటో తెప్ప మీద ఉన్నాను. ఇది చిత్తుకాగితం, తర్వాత అంటిస్తాను.
విశేషాలు:

జ్వరం నూట ఒకటి. కొత్త మచ్చలు లేవు. మధ్యాహ్నం కళ్ళు తెరిచి గంజి అడిగింది. ఇస్తే ఉప్పెక్కువైందంది.

ఆగస్టు 29, శనివారం
వేడి 37. ప్రవాహం సమంగా ఉంది. పట్టు 66. అందినవి 52.
విశేషాలు:

ఇతర ఊళ్ళవాళ్ళు కూడా కొత్తవాళ్ళను కడిగేసి అంచులు ఖాళీ చేస్తున్నారు. ఒడ్డు కేంద్రం అన్ని పుస్తకాల్లోనూ 'అందినవి' గడి అచ్చువేయిస్తుందట. శేషఫణి నిన్నటి పడవలో వెళ్ళాడు. వెళ్తూ కషాయం పొడి ఒక డబ్బా ఇచ్చాడు.

సువార్త ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి. కర్రపట్టుకుని నడుస్తుంది. పెట్టె ఇంకెవరికైనా ఇద్దామని బావ అంటే ఒప్పుకోలేదు. ఇవాళే మళ్ళీ మొదలుపెట్టింది. గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటంపావు ఆలస్యంగా వచ్చింది. ప్రతి ముసలమ్మా సువార్త కాలు చూడాలందట.

పెట్టె అందుకున్నాను. చుక్కలు ఒక్కొక్కటే తొట్టిలో వదిలాను. ఏమీ అనలేదు.

"ఏందక్కా, తిట్టవా?" అంది. "ఒంట్లో బాగోలేదా?"

అప్పుడు తిట్టాను. చాలాసేపు తిట్టాను. తను కర్ర గోడకు ఆనించి, స్టూలు లాక్కుని, అంతా విని వెళ్ళింది.